లేడీసులో కూర్చున్న అమ్మ

నా చిన్నప్పుడు, కాశీబుగ్గలో వీధివీధికీ కేబుల్ టీవీ వస్తున్న రోజుల్లో, మా కాన్వెంటు వార్షికోత్సవానికి స్వాగతం చెప్పే పని నాకు పడింది. "లేడీస్ అండ్ జెంటిల్మెన్" అని మొదలుపెట్టాలి. ఇంట్లో పొద్దస్తమానం అదే గోల. మా వీధి కుక్కలకి కూడా వచ్చేసి ఉంటుంది.

అమ్మ మాత్రం రానంది. ఆమె జీడిపప్పు బట్టీలో పిక్కలు కొట్టేది. ఆముదం రాసుకున్నా, బూడిద పూసుకున్నా పిక్కల తొక్కలోని జీడి రసం అంటి వేళ్లు నల్లగా మాడిపోయేవి. ఆ చర్మం ఊడితే తప్ప నలుపు పోదు. అమ్మ చూడనప్పుడు నాకా స్టేజీ ఎందుకు, మైకెందుకు అని ఏడుపు లంకించుకున్నాను.

ఆ సాయంత్రం పక్కింటి అక్క వచ్చింది. టెక్కలి కాలేజీలో ఇంగ్లీషు చదివేది. అమ్మ రొట్టెలకి చోడిపిండి, అంటే రాగిపిండి, కలుపుతోంది. అక్క నా ఏడుపు సంగతి అడిగితే అమ్మ చేతులు చూపించి, "లేడీసు పక్కన ఈ సేతులేసుకుని కూకోమంటావేటమ్మా? నవ్విపోరా?" అంది.

అక్క పీట లాక్కుని కూర్చుంది. "పిన్నీ, ఇంగ్లీషోల్లు ముందల లేడీ అని ఎవుల్ని అన్నారో తెల్సా? ఇంట్లో రొట్టెపిండి పిసికేదాన్ని" అంది. తరవాత ఆ మాట ఇంటి యజమానురాలికి వచ్చిందట. ఆపైన దొరసానులు సొంతం చేసుకున్నారట. చివరికి ఆడవాళ్లందరికీ దక్కిందట. అమ్మ నమ్మలేదు. "నన్ను రప్పించడానికి కత సెప్తన్నావు" అంది. అక్క నా తల మీద ఒట్టు వేసింది. మధ్యలో నా తలకాయెందుకని ఒళ్లు మండింది గానీ, అమ్మ పిండిలో ఉన్న తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

మర్నాడు మైకు ముందు నిలబడి చూద్దును కదా, కరస్పాండెంటు గారి భార్య పక్కనే అమ్మ! చేతులు కొంగులో దాచుకుంది. నేను మొదటి మాట అనగానే కొంగు వదిలేసి అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది. ఆ సంతోషంలో మిగతాదంతా మరిచిపోయి, టీచరు అందిస్తే మళ్లీ అందుకున్నాను.

కార్యక్రమం అయ్యాక నేను పరుగున వెళ్లేసరికి కరస్పాండెంటు గారి భార్య మా అమ్మ వేళ్ల వంకే చూస్తోంది. నాకు ప్రాణం ఉసూరుమంది. అమ్మ తొణకలేదు. "మీ ఇంట్ల పిండి ఎవులు కలుపుతారమ్మా?" అని అడిగింది. వంటమనిషి అందావిడ.

"అయితే మీ ఇంట్ల లేడీ ఆవిడేనమ్మా" అని, అక్క చెప్పిందంతా అమ్మ ఆవిడకి చెప్పింది. ఆవిడ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, అమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

ఇప్పుడు నేనూ పిల్లలకి ఇంగ్లీషు చెబుతున్నాను. కొత్త మాట వస్తే దాని పుట్టిల్లు ఎక్కడో వెతికి మరీ చెబుతాను. పెద్ద మాట ముందైనా, పెద్ద మనిషి ముందైనా బెదరకుండా నిలబడడం మాత్రం నాకు అమ్మ ఇచ్చింది. ఎంత వాడుకున్నా అది ఇంకా మిగిలే ఉంది.