మా అవ్వ చెప్పిన మంచిమాట

మా అవ్వ పోయింది. మొన్న షాద్‌నగర్ దవాఖానలో కన్నుమూసింది. చుట్టాలకు నేనే ఫోన్లు చేశాను. "ముసల్ది, బతికినంత బతికింది తియ్యి" అన్నారు అందరూ. నిజమే. కానీ చివరి ఏళ్లన్నీ ఆమె తనది కాని తప్పును మోస్తూ బతికింది. దాన్ని ఆమె నెత్తి మీంచి దించలేకపోయాను. ఆ పాపం నాదే.

మాది కేతేపల్లి దగ్గర ఊరు. గొర్లు కాసుకునేవాళ్లం. అమ్మానాన్నలు నా చిన్నప్పుడే పోతే, నాన్నను కన్న ఈ అవ్వే నన్ను సాదింది. నాకు పదహారు దాటిన ఏడు మేత జాగా దగ్గర పక్క ఊరివాళ్లతో కొట్లాట అయింది. కట్టెలు లేచాయి. ఒక మనిషి తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. గుంపులో నేనూ ఉన్నాను, నా చేతిలోనూ కట్టె ఉంది. పెద్దవాళ్లను జైలుకు, నన్ను పిల్లల హోముకు పంపారు. ఇంత పెద్ద కేసులో ఆ వయసువాణ్ణి పిల్లాడిగా చూడాలా, పెద్దవాడిగా చూడాలా అన్నది పిల్లల కేసులు చూసే బోర్డు తేలుస్తుందట. నా బుద్ధి ఎట్లాంటిదో కనుక్కోవడానికి బోర్డు తరఫున ఒక మేడం మా ఇంటికి వచ్చింది.

మా దిక్కు కొత్త మనిషి వాకిట్లోకి వచ్చి పిల్లవాడి సంగతి అడిగితే, అది పిల్లను ఇవ్వడానికో, పనిలో పెట్టుకోవడానికో అయి ఉంటుంది. అప్పుడు తక్కువ చేసి చెప్పడం ఎవరికీ చేతకాదు. అవ్వ ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, చల్ల ఇచ్చి మొదలుపెట్టింది.

"నా మనుమడా మేడం? ఇల్లంత ఆడే నడుపుతడు. మంద మొత్తం ఆని చేతులనే. తిరుమలగిరి అంగట్ల ఎసుంటి బేరగానికి లొంగడు. ఏ పని జేస్తె ఏమైతదో ఆనికి ఎర్కున్నట్టు పెద్దోళ్లకు గూడ ఎర్కలేదు."

మేడం మంచిదే. విన్నది విన్నట్టు రాసుకుపోయింది. నాకు అన్నీ తెలిసిన బుద్ధి ఉందని, పెద్దవాళ్లను విచారించినట్టే విచారించాలని బోర్డు నా కేసును కోర్టుకు పంపింది. ఎందుకట్లా అయిందో వకీలు వరండాలో అవ్వకు చెబుతుంటే పక్కనే ఉన్నాను.

"నేను మంచిమాటే చెప్పిన గద వకీలు సాబ్?"

"మంచిమాటే అవ్వా. గదే మనకు చెడ్డదైంది."

అవ్వ అక్కడే గోడకు ఆనుకుని కూలబడింది. ఆమె ముఖం చూడలేక నేను నేల చూపులు చూశాను.

బెయిలు రాలేదు. విచారణ మొదలయ్యేలోపే రెండు వానాకాలాలు గడిచాయి. నన్ను చూడటానికి ములాఖత్‌కు వచ్చినప్పుడల్లా అవ్వ సజ్జ రొట్టె తుంచి నోట్లో పెట్టేది. కావలి ఆయన నవ్వితే "ఆనికి తిననీకి రాదు సారూ, పసోడు" అనేది. నాకప్పటికి మీసం వచ్చింది. ఒకనాడు కోర్టులో ఎవరూ పిలవకుండానే లేచింది. "అయ్యా, ఆనాడు అబద్ధం చెప్పిన. ఆనికేం తెల్వది. ఆనికి లాగు గూడ నేనే కట్టాలె" అంది. అందరూ నవ్వారు. జడ్జిగారు మాత్రం నవ్వకుండా "కూర్చో అమ్మా" అన్నారు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇప్పుడు ఆ సిగ్గును తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ దెబ్బ నాదని తేలలేదు. వదిలేశారు. పోయిన మనిషి ఇంటి ముందునుంచి మాత్రం ఇప్పటికీ తలెత్తి నడవలేను.

నేను బయటికొచ్చినా అవ్వ మాత్రం రాలేదు. నేను షాద్‌నగర్‌లో కంపెనీలో చేరి, ఆమెను తెచ్చుకుని కిరాయి ఇంట్లో ఉంటున్నా, నా గురించి ఎవరడిగినా "మా పిలగానికేం తెల్వది" అనేది. పిల్లనిస్తామని వచ్చినవాళ్లకు కూడా అదే చెప్పింది. వాళ్లు చాయ్ తాగి లేచిపోయారు. పక్కింటామె తన కొడుకు హుషారని మురిస్తే చెయ్యి పట్టుకుని ఆపేది. "మెచ్చుకుంటె ఇంట్ల మెచ్చుకోవాలె బిడ్డా, వాకిట్ల గాదు" అనేది.

"నీ తప్పు గాదే అవ్వా, నీ మాటతోనే అంత అయిందా?" అని ఎన్నిసార్లు అన్నానో. "నీకేం తెల్వది, తిను" అనేది.

దవాఖానలో చేర్చిననాడు నర్సమ్మ "పెద్దోళ్లెవరున్నరు మీతోని?" అని అడిగింది. పక్కన నేను నిలబడి ఉండగానే, "ఎవ్వరు లేరు బిడ్డా, గీడు చిన్నోడు" అంది అవ్వ.

పోయే ముందురోజు పొద్దున చాయ్ తేవడానికి కిందికి వెళ్లి వచ్చాను. అవ్వ నన్ను చూడలేదు. పక్క మంచం ఆమెతో మాట్లాడుతోంది.

"మా మనుమడు బిడ్డా. ఇల్లంత ఆయనే నడుపుతడు. గిసుంటి మొగోడు మా ఊర్లనే లేడు."

అనేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎవ్వరికి చెప్పకు, నీ కాళ్లు మొక్కుత" అంది.

ఇంకేమన్నా చెబుతుందేమోనని, చాయ్ గ్లాసుతో నేను గోడ చాటుకు జరిగాను.