మేం తాడు పట్టనివ్వని చెయ్యి

మా బావమరిది, విశ్రాంత హవల్దారు నూకరాజు పోయిన మంగళవారం గాజువాకలో కన్నుమూశాడు. కాలేయవ్యాధి. కబురు వచ్చేసరికి మేం యారాడ ఒడ్డున వల లాగుతున్నాం. వల సగంలో ఉంది, వదిలితే చేప పోతుంది. చివరిదాకా లాగించి అప్పుడు బయలుదేరాను. ఈ మాట దాచను. దిగ్భ్రాంతి అని ఇలాంటి వ్యాసాల్లో రాస్తారు కదా, అది నాకు ఆటోలో కూర్చున్నాక కలిగింది.

సైన్యంలో నూకరాజు నేర్చిన విద్య మందుపాతరలు వెలికితీయడం. బోర్లా పడుకుని, సన్నటి ఇనుప చువ్వతో జానెడు జానెడు నేల గుచ్చి చూసే పని. ఆ నిదానం అతని స్వభావంలోకే దిగిపోయింది. సెలవుకు వచ్చి చేప తింటుంటే ఎవరో వేళాకోళం చేశారు: "ఏట్రా మిలిటరీ, ముల్లు తీత్తన్నావా, బాంబు తీత్తన్నావా?" నూకరాజు తలెత్తకుండా, "ముల్లయితే దిగినాక అరవడానికి మడిసుంటాడు బావా" అన్నాడు.

తొంభైల్లో అతని తలకు నీలి టోపీ పెట్టి ఆఫ్రికా తీరాన ఒక దేశానికి పంపారు. అక్కడ ఒకే నేల మనుషులు ఏళ్లకేళ్లు ఒకరినొకరు చంపుకుని, అలసిపోయి, సంధి పత్రం మీద సంతకాలు చేశారు. ఆ సంధికి కాపలాగా అనేక దేశాల శాంతిసేన దిగింది. నూకరాజు దళానికి సముద్రపు ఒడ్డు అప్పగించారు. ఇసుకలో మందుపాతరలున్నాయని అక్కడి బెస్తలు వేట మానేసి దుంపలు తిని బతుకుతున్నారు. నాలుగు నెలలు శ్రమించి ఒడ్డున కొంత మేర శుభ్రం చేసి, చుట్టూ ఎర్ర రంగు పూసిన రాళ్లు పాతారు. రాయి దాటితే మృత్యువే. లోపల వల వేసుకోండి, పూచీ నాది అని ఊరికి చెప్పినవాడు నూకరాజే.

తరువాత జరిగింది అతని ఉత్తరంలో ఉంది. వాళ్లదీ మన అలివి వల లాంటిదే. వలను నీటిలో చుట్టి వచ్చి, రెండు తాళ్లూ ఒడ్డు నుంచి లాగాలి. లాగేవాళ్ల ముఖం సముద్రం వైపు, అడుగు వెనక్కి. వల బరువెక్కితే మా ఊళ్లో దారినపోయేవాడైనా తాడు మీద చెయ్యి వేస్తాడు, చెయ్యి వేసినవాడికి వాటా ఉంటుంది. ఆ అలవాటుతో నూకరాజు అక్కడా తుపాకీ పక్కన పెట్టి తాడు పట్టాడు. "సేప మెరుపు సూసి అన్నీ మర్సిపోనాను బావా. లాగండి లాగండని అరిసినాను. నా యెనకాల తాడు కొస ఎక్కడికెల్లిందో సూడనేదు" అని రాశాడు. కొసన ఉన్న ముసలివాడు వెనక్కి నడుస్తూ రాయి దాటాడు. మిగతా సైనికులెవరికీ ఈ పొరపాటు రాదు, వాళ్లకు తాడు పట్టడం తెలియదు. నూకరాజులా బెస్తగా పుట్టినవాడికే వస్తుంది.

ఆ సాయంత్రం ముసలివాడి పెద్దకొడుకు నూకరాజు గుడారానికి వచ్చి నాలుగు చేపలు పెట్టి వెళ్లాడట. తాడు పట్టావు కదా, ఇది నీ వాటా అని.

నాకు అక్షరాలొచ్చింది యాభై దాటాక, వయోజన విద్య బడిలో. నా అంతట నేను కూడబలుక్కుని చదివిన మొదటి ఉత్తరం ఇదే. ఆ గర్వంలో, ముందు ఒకసారి చూసుకోకుండా, ఒడ్డున పదిమందిని కూర్చోబెట్టి బిగ్గరగా చదివేశాను. చిట్టచివర "ఈ ఇసయం ఎవులికీ సెప్పకు బావా" అని ఉంది. దాన్నీ చదివేశాను.

పదవీ విరమణ చేసి నూకరాజు ఓడరేవు దగ్గర ఒక గిడ్డంగికి కాపలాదారుగా కుదిరాడు. మొదటి ఆదివారమే యారాడ వచ్చి తాడు మీద చెయ్యి వేశాడు. "ఒరే మిలిటరీ! నువ్వట్టుకుంతే యెనక్కెవుడు నడుత్తాడ్రా?" అని ఒకడన్నాడు. అందరూ నవ్వారు. నూకరాజు కూడా నవ్వి చెయ్యి తీసేశాడు. వలకు పెద్దను నేను. ఆ చెయ్యి పడితే అరిష్టమని నేనూ నమ్మాను. "అలా కూకో" అన్నాను. ఆరేళ్లపాటు ప్రతి ఆదివారం వచ్చి అడిగాడు, ఆరేళ్లూ అదే మాట చెప్పాను. ఆ ఆరేళ్లలో, అతని చెయ్యి పడకుండానే, మా ఊరు ముగ్గురిని సముద్రానికిచ్చింది.

పోయిన నెల కడుపు ఉబ్బి, ఒళ్లంతా పచ్చబడి, కర్ర పట్టుకుని వచ్చాడు.

"ఓపాలి పట్టనియ్యి బావా. లాగన్లే, ఊరికే పట్టుకుంతాను."

"ఈ వేట అయిపోనీ, సూద్దాం."

"నానే అయిపోతన్నాను గదా" అని నవ్వాడు. తాడు అతని ముందు నుంచే, జానెడు దూరంలో, కదిలి పోతోంది.

మహనీయుడని రాయను, ఆ మాట అతనికి నచ్చదు. అతను గుచ్చి చూసిన ఇసుక మీద ఈవేళ మనకు పేరు తెలియని మనుషులు నిర్భయంగా నడుస్తున్నారు. తప్పిన ఒక్క అడుగును తండ్రి పోయిన ఇల్లు క్షమించింది. యారాడ క్షమించలేదు. యారాడ అంటే నేను. అంత నిదానమైన చెయ్యి మా ఒడ్డుకు మళ్లీ రాదు.

పాడె ఎత్తేటప్పుడు, "పెద్దోడివి, ముందు నువ్వట్టుకో బావా" అన్నారు. పట్టుకున్నాను. నన్నెవరూ ఆపలేదు.