పీపాల ఎల్కానా నోరు మెదపని కీర్తన

పెళ్ళాన్ని మట్టికి సాగనంపుతున్న రోజున పీపాల ఎల్కానా పెదవి కదపలేదనీ, వాడిది రాతిగుండె అనీ, ఆలుమగలకి లోపల్లోపల పడేది కాదనీ ఊళ్ళో ఒకటే కూత. కూసేవాళ్ళెవరూ ఆ రోజు ప్రార్థన మందిరంలో పాటగాళ్ళ మేడ మీద లేరు. నేనున్నాను, పై గొంతు ఆడవాళ్ళ వరసలో.

ఎల్కానా మూడు చలికాలాలు పాటల బడికి పోయి స్వరాలు రాయడం పట్టాడు. పీపాలకి కట్లు బిగిస్తూనే రాగాలు కట్టేవాడు. కాగితం దొరక్కపోతే పీపా చెక్క మీదే బొగ్గుతో గీసేవాడు. మా ఇంట్లో పంది మాంసం ఊరేసే పీపాకి లోపలివైపు ఏదో పాట సగం ఉంది.

మనిషి ఆయుష్షు బెత్తెడని దావీదు కీర్తన ఉంది కదా, దాని పద్యాలకి వాడు కట్టిన రాగం దగ్గరే గొడవంతా. మా పాటల్లో రెండు పాదాలు అందరం కలిసి పాడతాం. మూడో పాదం మగవాళ్ళ మంద్రం ఎత్తుకుంటే, తక్కిన గొంతులు ఒకదాని వెనక ఒకటి తగులుకుంటాయి. ఎల్కానా ఆ పాదాన్ని పై గొంతుకిచ్చాడు. పై గొంతులో మొదటి మనిషి వాడి పెళ్ళాం, పేరు సబ్మిట్. ఆమె ఎత్తుకున్నాకే మగవాళ్ళు.

"ఏమయ్యోయ్, ఇంట్లోనూ ఇదే వరసా?" అని మంద్రం వాళ్ళు ఏడిపించేవాళ్ళు.

"ఇంట్లో మనకి పాదమే లేదన్నా!" అని వాడూ నవ్వేవాడు.

కిందటేడు పట్నం నుంచి కొత్త పాటల పంతులొచ్చాడు. ఇలా తరుముకుంటూ పాడితే దేవుడి మాట ఒక్కటీ తెలియదన్నాడు. ఎముక కోసం కుక్కల కాట్లాటట! సంఘ పెద్దలు చేతులెత్తి ఓటేసి ఆ పాటలన్నీ ఆపేశారు. ఆ పెద్దల్లో ఒకరైన మా ఆయన చెయ్యీ లేచింది. ఇంటికి రాగానే అడిగాను. "నీకెందుకే, గంజి పొయ్యి" అన్నారు.

ఈ ఏడు సబ్మిట్‌కి క్షయ ముదిరింది. "నన్ను పంపేటప్పుడు ఆ కీర్తన పాడించు. నువ్వు రాసినట్టే" అని మొగుడి చేత ఒట్టు వేయించుకుంది. వాడు టోపీ చేతపట్టుకుని పెద్దల గడపలన్నీ ఎక్కి దిగాడు. "సరేలేవయ్యా, పాడిద్దాం" అన్నారు.

తీరా ఆ రోజు మా చేతికొచ్చిన కాగితాల్లో మూడో పాదం నాలుగు గొంతులకీ ఒక్కసారే మొదలైంది. పంతులు దిద్దాడు. ఎల్కానాకి ఆ సంగతి అక్కడ, మేడ మీంచి కింద శవపేటిక కనబడుతుండగా తెలిసింది. మేమంతా పాడాం. వాడు సబ్మిట్ కూర్చునే చోటుకేసి చూస్తూ నిలబడ్డాడు.

మూడు వారాలయ్యాక మొక్కజొన్న రొట్టె పట్టుకుని వాడి కొట్టానికి వెళ్ళాను. ఊరి నోరు మూయించాలంటే వాడి నోటి మాట ఒకటుండాలి కదా.

"ఎల్కానా, నాతో చెప్పవయ్యా. ఎందుకు పాడలేదు?"

వాడు సుత్తి పక్కన పెట్టాడు.

"ఆవిడ ఎత్తుకోవలసిన చోటు లేకుండా చేశాక నేను దేని వెనక పాడేది వదినా? నా సంగతి అలా ఉంచు. ఆ పాదం ఎలా ఉండాలో నీకు తెలుసు. నువ్వెందుకు పాడావు?"