టీచరుగారి నేరేడు రంగు కీబోర్డు

మా సోషల్ టీచరుగారు చనిపోయారని మొన్న ఉదయం నా కంప్యూటర్ షాపు షట్టరు ఎత్తుతుండగా ఫోన్ వచ్చింది. చేసింది ఆవిడ భర్త. ఆయన్ని మేమంతా సారు అంటాం. "మీ టీచరుగారు వెళ్ళిపోయేరు బాబూ" అని, ఇంకేం అనకుండా పెట్టేశారు. ఆ రోజు ఇస్తానన్న ప్రింటరు బాగుచేసి ఇచ్చి అప్పుడు బయల్దేరాను. ఏడుపు రాలేదు. నా తీరే అంత, మా ఆవిడ కూడా తిడుతూ ఉంటుంది. సమాధుల దగ్గర అందరూ ఆవిడ మంచితనం గురించి మాట్లాడారు. మంచితనం సరే. నాకు గుర్తున్నవి వేరే సంగతులు. అవి రాస్తున్నాను.

తొంభైల్లో అమలాపురంలో మా హైస్కూల్లో ఆవిడ సోషల్ చెప్పేవారు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన బండారులంక నేతచీర, వాచీ డయలు మణికట్టు లోపలివైపుకి. బోర్డు మీద రాసేటప్పుడు నోరు విప్పేవారు కాదు. రాయడం ముగించి, సుద్దముక్క కింద పెట్టి, మావైపు తిరిగి, అప్పుడు మొదలుపెట్టేవారు. పక్క క్లాసు మాస్టారు మాత్రం గంటంతా బోర్డు వైపు తిరిగే చెప్పేవారు. ఆవిడ కిటికీలోంచి అటు చూసి, "నాకు జీతమిచ్చేది గోడకి పాఠం చెప్పడానికి కాదర్రా" అనేవారు. మేం పగలబడి నవ్వేవాళ్ళం. వీపు పెట్టి మాట్లాడటం ఆవిడ దృష్టిలో బూతు మాట్లాడటంతో సమానం.

రిటైరయ్యాక గొంతులో గడ్డ లేచింది. కాకినాడలో ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. గుసగుస కూడా పలకదు. చేతికి పలక ఇచ్చారు. కానీ పలక మీద రాసి, తిప్పి చూపించేలోగా జనం ఇంకో సంగతిలోకి వెళ్ళిపోయేవారు. పైగా పక్కన సారు ఉండనే ఉన్నారు. పాపం ఆయన మనసు వెన్న, అందులో అనుమానం లేదు. కానీ ఎవరేం అడిగినా "ఆవిడ ఉద్దేశం ఏవిటంటేనండీ" అని అందుకునేవారు. ఓసారి స్కూలువాళ్ళు వార్షికోత్సవానికి ఆవిడని ముఖ్య అతిథిగా పిలవడానికి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. "ఆవిడ ఉద్దేశం ఏవిటంటేనండీ, ఓపిక లేదు, ఏవీ అనుకోకండి" అని సారు వాళ్ళని సాగనంపేశారు. వాళ్ళు గేటు దాటాక చూద్దును కదా, ఆవిడ ఒళ్ళో పలక మీద "ఏ రోజు?" అని రాసి ఉంది.

ఆ తర్వాత ఆవిడ కంప్యూటరు పట్టుకున్నారు. ఇంట్లో ఉన్నది నేను అమ్మినదే. చిన్నప్పుడు టైపు హయ్యరు పాసయ్యారట, కీబోర్డు వంక చూడకుండా టకటకా కొట్టేవారు. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. ఆ పద్ధతంటే ఆవిడకి ఒళ్ళుమంట, కానీ వేళ్ళకి వచ్చింది అదొక్కటే. అక్షరాలు పెద్దవి చేసి పెట్టాను, సోఫాలో వాళ్ళకి కూడా కనపడేలా. అయితే బల్లేమో గోడకి ఆనించి ఉంది, కీబోర్డు తీగేమో మూరెడు. వచ్చినవాళ్ళకి వీపు పెట్టి కూచుంటే తప్ప మాట్లాడటానికి లేదు. నాలుగు రోజులు చూసి, పలక తీసి నాకు రాసి చూపించారు. "తీగ లేనిది ఉందటగా?"

ఉంది. నా షాపులో నల్లటిదొకటి ఉంది, గట్టి సరుకు. సారు దాన్ని చూసి "ఇంకేం, ప్యాక్ చేసెయ్ బాబూ" అన్నారు. టీచరుగారు దాన్ని వేలితో అవతలికి జరిపారు. ఇంకోటి తీశాను, కీలు డబడబమన్నాయి. అదీ జరిపారు. కీబోర్డూ మౌసూ కలిసినవి మరో రెండు సెట్లు రాజమండ్రి నుంచి తెప్పిస్తానని వారం ఆగమన్నాను. ఆవిడ ఆగారు, సారు విసుక్కున్నారు.

వారం తర్వాత వచ్చి ఆవిడ చేసిన పని ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. డబ్బాలు విప్పించి, కీబోర్డులు రెండూ రెండు చేతుల్తో పట్టుకుని షాపు గుమ్మంలోకి నడిచారు. ట్యూబులైటు కింద చీర రంగు నమ్మకూడదు కదా, అలా ఎండలో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. అక్కడే కుర్చీ వేయించుకుని, ఒళ్ళో పెట్టుకుని చీర మీదకి నప్పుతుందో లేదో చూశారు. వాచీ తగులుతోందేమోనని మణికట్టు ఆనించి చూశారు. మౌసుని అరచేతిలో ఇమిడించుకుని, కుర్చీ చేతి మీద అటూ ఇటూ జరిపారు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి మరీ చూస్తున్నారు.

సారుకి ఓపిక చచ్చిపోయింది. "ఏదైతే ఏవిటే, అక్షరం పడితే చాలదా!"

ఆవిడ పలక తీశారు. తీరిగ్గా రాసి, ముందు నాకు కాదు, ఆయనకే చూపించారు. "పెళ్ళిచూపుల్లో నా గొంతు బాగుందన్నారు. ఇదీ బాగుండాలి."

సారు చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ తీసుకున్నది ముదురు నేరేడు రంగుది. పలచగా ఉంది, చుట్టూ వెండి అంచు, మౌసుకీ అదే అంచు. నేను అందమైన సరుకుని లెక్కచెయ్యని మనిషిని. అయినా ఒప్పుకోవాలి, అది ఆవిడ ఒళ్ళో ఉంటే దర్జాగా ఉండేది.

తీరా ఇంట్లో పెట్టాక ఇంకో తిరకాసు. ఆవిడ జనానికి ఎదురుగా కుర్చీలో కూచున్నారు, బానే ఉంది. జనమేమో తెర చదవడానికి గోడవైపు తిరిగి, ఆవిడకి వీపులు పెట్టారు! ఆవిడ నా వంక చూసిన చూపుకి నేను సగం చచ్చాను. పాత టీవీ స్టాండు తెచ్చి, మానిటరుని ఆవిడ కుర్చీ వెనకే, తలకంటే ఎత్తులో నిలబెట్టాను. ఇప్పుడు మేం ఆవిడవైపు చూస్తాం, ఆవిడ మావైపు చూస్తారు, మాట తల మీదుగా వెలుగుతుంది. తనేం కొట్టిందీ తనకి కనపడదు. అయినా ఇది చాలునన్నట్టు తలూపారు.

మరుసటి ఏడు స్కూలువాళ్ళు మళ్ళీ వచ్చారు. ఆదివారం, చర్చి అయ్యాక. హెడ్మాస్టరూ, ఇంకో టీచరూ సోఫాలో, పక్కన సారు, బ్యాటరీలు మార్చడానికి వెళ్ళిన నేను స్టూలు మీద. అప్పటికే ఆవిడ నీరసించారు. వేళ్ళు వణుకుతున్నాయి. హెడ్మాస్టరు వార్షికోత్సవం మాట ఎత్తగానే కీబోర్డు ఒళ్ళోకి లాక్కుని గబగబా కొట్టారు.

తెర మీద కామాలూ సెమీకోలన్లూ పడ్డాయి. చేతులు ఒక్క కీ పక్కకి జరిగి కూచున్నాయి, ఆవిడకేం తెలుసు? కొడుతూనే ఉన్నారు. హెడ్మాస్టరు తెర చూసి, అర్థమైనట్టే "ఆయ్" అన్నారు. ఆయన వెంట వచ్చిన టీచరమ్మ "ఆయ్, అలాగేనండీ" అంది. మా వైపు మనుషులం అంతే, అర్థం కాలేదని పెద్దవాళ్ళ మొహం మీద చచ్చినా అనలేం. నేనూ తలూపాను.

ఆవిడ ఆగారు. మా మొహాలు ఒక్కొక్కటే చూశారు. ఎవరికి పాఠం ఎక్కలేదో మొహం చూసి పట్టేసే మనిషాయె. చివరికి సారు దగ్గర ఆగారు. ఆయన నోరు తెరిచారు. మళ్ళీ ఆవిడ తరఫున, రారని చెప్పేస్తారేమో అనుకున్నాను.

"నాకేం అర్థం కాలేదే. మళ్ళీ చెప్పవూ?" అన్నారు సారు.

టీచరుగారు కళ్ళు దించి, కీలు తడిమి, వేళ్ళు సరైన చోట పెట్టుకుని మొదట్నుంచీ మొదలుపెట్టారు. సారుకి ఏది చదివినా పైకే చదివే అలవాటు. "వ... స్తా... ను. కుర్చీ... పిల్లలకి... ఎదురుగా..." అని కూడబలుక్కుంటున్నారు. ఆవిడ తెరవైపు తిరగలేదు. చూపు ఆయన పెదవుల మీదే నిలిపి, తన మాట అక్కడ ఒక్కొక్కటే పలుకుతుంటే వింటూ, మెల్లగా తరువాతి అక్షరం కొడుతున్నారు.