గ్యారేజీకి రెండు తలుపులు

మా అత్త మంచిది కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక.

హోటల్ దుప్పట్లు ఉతికే లాండ్రీలో పెద్ద ఇస్త్రీ మిషను మీద పనిచేస్తుంది. మోచేతుల దాకా కాలిన మచ్చలు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "నీ మొగుణ్ణి చూశాకే మానుకున్నా" అని నోరు మూయించేది.

ఆమెకి ఇద్దరు తమ్ముళ్ళు. పెద్దవాడు మా నాన్న, చిన్నవాడు బాబాయి. ఒకే ఇల్లు. ఎడమ సగం మాది, కుడి సగం వాళ్ళది, మధ్యలో ఇద్దరికీ కలిపి ఒక్కటే గ్యారేజీ. అందులో నాన్న కారు, బాబాయి వ్యాను. గ్యారేజీ వెనక గోడకి సరిగ్గా నడిమధ్యన ఒక తలుపు, దాని వెనక అత్త గది. గ్యారేజీలోంచి తప్ప ఆ గదికి వేరే దారి లేదు. ఆ గది అత్తదేనని తాతయ్య పోయేముందు అందరి ముందూ చెప్పాడు. ఎవరి సగంలోకి వస్తుందో మాత్రం చెప్పకుండా పోయాడు.

అన్నదమ్ములకి మాటల్లేవు. వ్యాను అద్దం కారుకి గీసుకున్న రోజు ఆగిపోయాయి. ఇటు మాట అటు మోసేది అత్తే. నాన్న "బండి కాస్త జరపమను" అనేవాడు. అత్త అటు వెళ్ళి "నీ డొక్కు బండి తియ్యాలట, దాన్ని చూస్తే మీ అన్నకి వాంతొస్తోందట" అనేది. బాబాయి "సరే, జరుపుతా" అనేవాడు. అత్త ఇటు వచ్చి "జరుపుతాడట, నీకు తోలడం చేతనైతే జరపక్కర్లేదట" అనేది. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటే తనతో ఎవరికీ పనుండదని ఆమెకి బాగా తెలుసు. ఒక పూట మా ఇంటి నుంచి, ఒక పూట వాళ్ళింటి నుంచి కంచం గ్యారేజీలోంచి వెళ్ళేది. ప్రేమేం కాదు. సరిగ్గా పెట్టకపోతే అవతలింట్లో ఏం మోస్తుందోనని భయం.

ఇలా నడుస్తుండగా గ్యారేజీ తలుపు పోయింది. తాతయ్య నాటి చెక్క తలుపు, కింది అంచు చివికిపోయి ఎలుకలకి దారి ఇచ్చింది. ఒక పొద్దున దాని రెక్క ఊడి వ్యాను మీద పడింది. కొత్తది పెట్టక తప్పదు.

తలుపులు బిగించే ఆయన వచ్చాడు. పొట్టి మనిషి, జేబులో టేపు, చంకలో రంగుల పుస్తకం. అత్త ఎప్పటిలాగే మధ్యలో నిలబడి నాన్న ఏమన్నాడో చెప్పబోతే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"మీరు చెప్తే కుదరదమ్మా. ఇద్దరు ఓనర్లూ ఇక్కడికొచ్చి నా ముందే చెప్పాలి. రేపు బిగించాక 'నేనట్లా అనలేదే' అంటే చచ్చేది నేను."

అలా ఏళ్ళ తర్వాత ఇద్దరూ ఒకచోట నిలబడ్డారు. బాబాయి తలుపులాయన వంక చూస్తూనే మొదలెట్టాడు.

"నా బండి చూస్తే కొందరికి వాంతొస్తుందిలెండి. ముందు వాళ్ళ సంగతి చూడండి."

"నేనెప్పుడన్నానురా ఆ మాట?" అన్నాడు నాన్న.

"మరి నాది డొక్కు బండన్నది నువ్వేగా?"

"నాకు తోలడం రాదని నువ్వే అన్నావట!"

ఇద్దరూ ఒకేసారి అత్త వైపు తిరిగారు. అత్త సీలింగ్ చూస్తూ "సాలెగూళ్ళు దులపాలి" అంది.

పెద్ద గొడవే కావాల్సింది. కానీ తలుపులాయన తన గోల తను మొదలెట్టాడు. "షట్టరు గట్టిదే, కానీ ఇంటికి వేస్తే మూసేసిన కొట్టులా ఉంటుంది. మొత్తం ఒకే పలకగా పైకి లేచేది వేస్తే ముందుకి తన్నుకొస్తుంది, మీ ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్ళ ముక్కులు పగులుతాయి. అడ్డపట్టీలుగా మడుచుకుంటూ సీలింగ్ కిందకి జారేదైతే మీ ఇంటికి నప్పుతుంది. చెక్క జోలికి పోకండి, మళ్ళీ ఉబ్బుతుంది. రంగు గోడతో కాదు, కిటికీలతో కలవాలి. ఇక తేల్చాల్సింది ఒకటే. మొత్తానికీ కలిపి ఒక వెడల్పాటి తలుపా, రెండు తలుపులా?"

"ఒకటే. ఇల్లు నిండుగా ఉంటుంది," అంది అత్త.

"రెండు," అన్నాడు నాన్న.

"రెండే," అన్నాడు బాబాయి.

"అయితే మధ్యలో స్తంభం లేపాలి. ఎలాగూ లేపుతున్నాం కాబట్టి దాని వెంట లోపలి దాకా గోడ కట్టేస్తే ఎవరి గ్యారేజీ వాళ్ళది. గోడ ఎక్కడ రావాలి?"

అమ్మా, పిన్నీ చెరో గుమ్మంలోకి వచ్చేశారు. జానెడు జాగా కోసం ఒకరి చావు ఒకరు కోరుకున్న మనుషులు వీళ్ళు. నాన్న గొంతు సవరించుకున్నాడు.

"వ్యాను పెద్దది కదా. వాడి వైపే రెండడుగులు ఎక్కువ వెయ్యండి."

"ఎందుకన్నయ్యా? నీకు కారు తలుపులు తెరుచుకోవాలిగా. నువ్వే తీసుకో."

అన్నయ్యా అన్నాడు! అత్త మోచేత్తో ముక్కు తుడుచుకుంది.

"చిన్నవాడివి, నువ్వుంచుకోరా."

"పెద్దవాడివి, నీకే ఉండాలి."

"నాకంత జాగా దేనికిరా?"

"నాకు మాత్రం దేనికి? నా మాట విను."

"కొట్టుకు చస్తారనుకున్నా. వెధవలు బాగుపడ్డారే!" అంటూ అత్త తన గదిలోకి వెళ్ళి కెటిల్‌లో నీళ్ళు పెట్టింది. తమ్ముళ్ళకీ, తలుపులాయనకీ టీ.

తలుపులాయన తల గోక్కున్నాడు. "నాకంటే నాకని తలలు పగలగొట్టుకున్నవాళ్ళని చూశాను. నీకంటే నీకనేవాళ్ళని ఇదే చూడ్డం." టేపు లాక్కుంటూ వెనక్కి వెళ్ళాడు. టేపు అత్త తలుపుకి తగిలి ఆగింది.

"ఓ, ఇదొకటుందిగా! జాగా ఎవరికి ఎక్కువిస్తే ఈ గది వాళ్ళ వైపు పడుతుంది. ఎవరి వైపు పడితే బాగుంటుందండీ?"

నాన్న కారు టైరుని పరిశీలించాడు. బాబాయి రంగుల పుస్తకం తలకిందులుగా పట్టుకుని చదివాడు. టీ కప్పులు పట్టుకుని అత్త అదే గుమ్మంలో నిలబడి ఉంది.

"అయితే మీకు ఎక్కువైంది జాగా కాదన్నమాట," అంది.

"అవేం మాటలు వదినా! మీరంటే మాకు ప్రాణం," అంది పిన్ని. "కాకపోతే మీ దగ్గుకి పిల్లలు ఉలిక్కిపడుతున్నారు."

"మాకు మాత్రం చెవుల్లేవా?" అంది అమ్మ.

"మీ మాటలు మోసి మోసి వచ్చిన దగ్గే ఇది."

"మోశావా? వండి వార్చావు!" అన్నాడు నాన్న. అత్త కప్పుల్లోని టీ ఊదడం మొదలెట్టింది. బాబాయి ఆ సందు వదల్లేదు.

"గోడ సరిగ్గా మధ్యకే వెయ్యండి. ఈ తలుపు ఇటుకలతో మూసేసి, అక్కకి వెనక సందులోకి ఒకటి కొట్టిద్దాం."

"అవును. అక్కకీ సొంత తలుపు," అన్నాడు నాన్న, బహుమతి ఇస్తున్నవాడిలా. వెనక సందులో వీధి మొత్తానికి చెందిన చెత్త డబ్బాలుంటాయి.

ఏళ్ళ తర్వాత అన్నదమ్ములు కూడబలుక్కుని చేసిన మొదటి పని అది.

తలుపులాయన సిగ్గుపడుతూనే రంగుల పుస్తకం అత్త చేతిలో పెట్టాడు. అత్త టీ కప్పులు మూడూ తనే తాగింది. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పింది. తమ్ముళ్ళు కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డారు.

"అద్దం వద్దు. బెల్లు వద్దు. బయట పిడి కూడా వద్దు."

"పిడి లేకపోతే బయటివాళ్ళు ఎలా తెరుస్తారమ్మా?"

"నాకు తాళంచెవి ఉంటుందిగా. ఇంకెవరు తెరవాలి?"

"అది కాదమ్మా, లోపల మీకేదైనా అయితే..."

"అయితే ఎవరి వైపు నుంచి ఏడవాలో వీళ్ళని ముందు తేల్చుకోమను."

తలుపులు వచ్చాయి. కిటికీల రంగుతో కలిసిన బూడిదరంగు, మీట నొక్కితే చప్పుడు లేకుండా పైకి జారిపోతాయి. ఇంటి ముఖమే మారిపోయిందని వీధిలో అందరూ మెచ్చుకున్నారు. నాన్నా బాబాయీ ఇప్పుడు పక్కపక్కన నిలబడి బళ్ళు కడుక్కుంటారు, నవ్వుకుంటారు కూడా.

అత్తకి కంచం వెళ్ళలేదు. వాళ్ళు పంపుతున్నార్లే అని అమ్మ, వీళ్ళు పంపుతున్నార్లే అని పిన్ని. ఒక రోజు బట్టలారేస్తూ మాటల్లో ఒకరినొకరు అడిగితే బయటపడింది. ఇద్దరూ నాలుక కరుచుకుని, కాసేపు నువ్వంటే నువ్వని వాదించుకున్నాక అమ్మ కంచం పట్టుకుని వీధంతా చుట్టి వెనక సందులోకి వెళ్ళింది. నేనూ వెళ్ళాను, చూద్దామని. తలుపు కొట్టింది. లోపల ఏదో వేగుతున్న చప్పుడు.

"ఎవరూ?"

"నేనే వదినా. అన్నం తెచ్చాను."

"ఎవరింటి నుంచి?"

"మనింటి నుంచే."

"అడ్రసు తప్పారు," అంది అత్త. గరిట మళ్ళీ కదిలింది.

అమ్మ ఇంకోసారి కొట్టింది. తర్వాత కంచం చెత్త డబ్బా మూత మీద పెట్టి వచ్చేసింది. మర్నాడు తెచ్చుకుందామని వెళ్తే మెతుకు కూడా కదల్లేదు, చీమలు పట్టి ఉంది. "పొగరు చూడు," అని అమ్మ అన్నం డబ్బాలో దులిపేసి, కంచం కడగడానికి ఇంటికి తెచ్చింది.