కత్తెరమ్మ కోసేసిన సగం

వీడియోలు కోసి అతికించడం ఆవిడ ఉద్యోగం. అందుకే ఆఫీసులో అందరూ కత్తెరమ్మ అంటారు. ఈ కాలపు గురువుగారొకాయన గంటల తరబడి మాట్లాడిందంతా వింటుంది. దగ్గులు, తడుముకోవడాలు, ముందు వరుసలో ఎవరో ఆవలించడం ఏరి పారేస్తుంది. చివరికి ఫోనులో నిమిషంలో చూసేంత ముక్క మిగుల్తుంది. దాన్ని చూసి కళ్ళనీళ్లు పెట్టుకునేవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్ల కన్నీళ్లలో తన వాటా కూడా ఉందని కత్తెరమ్మకు లోలోపల గర్వం.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, వాళ్ల ఇంట్లో మాత్రం ఆవిడ మాటకు తిరుగులేదు. ఏ గురువును నమ్మాలన్నా ముందు ఆవిణ్ణి అడగాల్సిందే. ఒకాయన కెమెరా ఆగగానే డ్రైవరును బూతులు తిట్టాడని, ఇంకొకాయన ఎవరిదో ప్రసంగం బట్టీపట్టి అప్పజెబుతున్నాడని ఇద్దర్నీ కొట్టిపారేసింది. తను పనిచేసే ఈ గురువుగారి గురించి మాత్రం, "కోయకముందు కూడా నేను చూస్తాను కదక్కా, మనిషి మంచోడే" అంది. అక్క ఆ మాట కోసమే కాచుకుని ఉంది. అప్పట్నుంచీ అక్క నడిపే లాండ్రీ షాపులో ఇస్త్రీ బల్ల మీద ఫోను, ఫోనులో గురువుగారు.

అక్కకు చిన్నప్పటి నుంచీ మూర్ఛ ఉంది. మాత్రలు వేసుకుంటున్నంత కాలం దాని ఊసే లేదు. అలాంటిది ఒక మధ్యాహ్నం చొక్కా ఇస్త్రీ చేస్తూ చేస్తూనే కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ పడిపోయింది. కాలుతున్న ఇస్త్రీపెట్టె చేతి మీదే పడింది.

ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చిన కత్తెరమ్మతో బావ పళ్లు కొరుకుతూ అన్నాడు. "మాత్రలు మానేసిందట. మీ గురువుగారు చెప్పాడట."

"చస్తే అలా చెప్పడు బావా!"

బావ ఫోను చూపించాడు. గురువుగారు చిరునవ్వుతో చెబుతున్నారు. "ఒకాయన మందులన్నీ చెత్తబుట్టలో పారేశాడు. ఆ రోజే భయం పోయింది. ఆ రోజే బతకడం మొదలుపెట్టాడు." ఆ వెంటనే మెత్తటి సంగీతం.

కత్తెరమ్మకు గుర్తొచ్చింది. ఆ కథకు ఇంకో సగం ఉంది. ఆ మనిషి నెల తిరక్కుండా చచ్చిపోయాడు. "అంత తెలివితక్కువ పని మీరు చేయకండి, మందులు మానకండి" అని గురువుగారు చెయ్యెత్తి మరీ చెప్పారు. నిమిషంలో పట్టడం లేదని ఆ సగం కోసేసింది తనే. ముగింపు భలే కుదిరిందని మురిసిపోయింది కూడా.

వరండాలోకి వెళ్లి నేరుగా గురువుగారికే ఫోను చేసింది. జరిగిందంతా ఏడుస్తూ చెప్పింది. ఆ ముక్క తీసేయించమని, మిగతా సగం మీ నోటితోనే అందరికీ చెప్పండని బతిమాలింది.

"దాన్ని నేనూ చూశానమ్మా," అన్నారాయన, ఎంతో ప్రేమగా. "సగం లేదని చూసిన రోజే తెలిసింది. కానీ ఎంతమందికి నచ్చిందో చూడు! ఉండనీ."

కత్తెరమ్మ ఫోను పెట్టేసింది. తెలిసే ఊరుకున్నాడు! ఏ మాట దగ్గర ఆయన గొంతు తడబడుతుందో నిద్రలో అడిగినా చెప్పగల తను, ఇన్నేళ్లూ ఈ మనిషిని చూడనే లేదు. పైగా మంచోడని అక్కకు హామీ ఇచ్చింది. తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

ఆఫీసుకు పరిగెత్తి, కోయని వీడియోను ఫోనులో వేసుకుని మళ్లీ ఆసుపత్రికి వచ్చింది. అక్క చేతికి మోచేతి దాకా కట్టు కట్టారు. పక్కన పళ్లెంలో నర్సు పెట్టివెళ్లిన మాత్ర అలాగే ఉంది.

"అక్కా, నీ కాళ్లు పట్టుకుంటాను. ఇది మొత్తం విను."

అక్క చివరిదాకా వింది. విన్నాక బాగున్న చేత్తో చెల్లెలి తల నిమిరింది.

"నాతో మాత్ర మింగించాలని ఎంత కష్టపడ్డావే పిచ్చిదానా! అచ్చం ఆయన గొంతే. ఎక్కడ అతికించావో కూడా తెలియడం లేదు."

"అతికించలేదక్కా! ఇదే అసలుది! ఒట్టు!"

అక్క జాలిగా నవ్వింది. కత్తెరమ్మ దిక్కుతోచక బావ వైపు తిరిగింది. కాస్త సాయంగా మాట్లాడతాడేమోనని చూసింది. ఆయన కూడా ఆవిడ మొహంలోకి తేరిపార చూస్తున్నాడు.

"నాతోనైనా నిజం చెప్పమ్మా," అన్నాడు మెల్లగా. "అతికించిందేనా?"

అక్క మాత్రను ముట్టుకోకుండానే గోడవైపు తిరిగి పడుకుంది.