గీత మీద వేలు

మొన్న మా ఆఫీసు ల్యాప్‌టాప్ సగం గీసిన లేఅవుటుతో సహా దానంతట అదే ఆరిపోయినప్పుడు, ఈమధ్యే మా దగ్గర చేరిన ఇంజనీరమ్మాయి ఇక ఊరుకోలేకపోయింది. తన సంచిలోంచి టాబ్లెట్ తీసి, దానికి అయస్కాంతంతో అతుక్కునే కీబోర్డు తగిలించి, నా బల్ల మీద పెట్టి, "సార్, దీన్లో అన్నీ అయిపోతున్నాయండీ. ఇంకా ఆ ఇటుకని మొయ్యడం దేనికండీ?" అంది.

నర్సీపట్నంలో భూములు కొలిచే ఆఫీసు నడుపుకునేవాడికి అది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. ఏదైనా కొనే ముందు ఒక కాగితాన్ని నిలువుగా రెండు చేసి, అటూ ఇటూ బాగోగులు రాసుకోవడం నాకు చదువుకునే రోజుల నుంచీ అలవాటు. బరువులో టాబ్లెట్ గెలిచింది. ఛార్జీలోనూ అదే, పొలంలో ఒక పూటంతా పనిచేసినా ఇంకా మిగులుతుంది. పెద్ద డ్రాయింగు తెరవడంలో, ఒప్పుకోవలసిందే, ఇప్పటి టాబ్లెట్లు నా ల్యాప్‌టాప్‌ను ఎప్పుడో దాటిపోయాయి. ఎండలో తెర కనపడటం దగ్గర రెండూ ఒకటే, రెండూ దండగే. పాత కొలత పరికరానికి కేబులు పెట్టి లెక్కలు దింపుకోవడం, నాలుగు ఫైళ్లు ఒకేసారి పరుచుకుని సరిచూసుకోవడం మాత్రం ల్యాప్‌టాప్ వైపు రాశాను. అలా రాసుకుంటూ పోయి, చివరి వరసలో "ముట్టుకుంటే ఏమవుతుంది" అని రాసి, అక్కడ ఆగిపోయాను. నాతవరం అవతల ఒక వరిచేలో, ఎండలో, చేతిలో కర్ర పట్టుకుని నిలబడ్డ ఆ పూట మొత్తం కళ్ల ముందుకొచ్చింది.

మన ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది. డిప్లొమా మొదటి ఏడాదిలో డ్రాయింగు బోర్డుకి స్కేళ్లుండే డ్రాఫ్టర్ బిగించుకుని, పెన్సిలు ముల్లు అరిగిపోకుండా ప్రాణం పెట్టి గీసినవాళ్లమే, చివరి ఏడాదికొచ్చేసరికి మౌసు పట్టుకుని కంప్యూటర్లో గీతలు లాగాం. ఆ చదువు పూర్తయి ఉద్యోగం ఇంకా దొరకని రోజుల్లో, అమ్మ పోరు పడలేక, మావయ్య దగ్గర పనిలో చేరాను. మావయ్య లైసెన్సున్న సర్వేయరు. కోటవురట్ల నుంచి రోలుగుంట దాకా గట్టు తగవు ఎక్కడొచ్చినా ముందు ఆయన పేరే అనుకునేవారు. ఆయన కొలిస్తే తిరిగి కొలిపించే పని ఉండదని పేరు. ఆ పేరే ఆయన సంపాదన.

ఆయనకి ఒక పద్ధతి ఉండేది. సరిహద్దు రాయి పాతే ముందు ఇరుపక్షాల వాళ్లనీ, చూడవచ్చిన నలుగురినీ దగ్గరికి పిలిచి, పటం పరిచి, ఎవరి చెక్క ఎక్కడిదాకానో వాళ్ల చేతే వేలు పెట్టించి చూపించమనేవాడు. సంతకం పెట్టినవాడు రేపు నాకు చదువు రాదని తప్పించుకోవచ్చు గానీ, నలుగురి ముందూ వేలు పెట్టినవాడు ఆ మాట అనలేడని ఆయన నమ్మకం. కాగితం పటాల కాలంలో ఆ వేళ్ల మట్టి పటానికి అంటుకుని అలాగే ఉండిపోయేది. ల్యాప్‌టాప్ వచ్చాక దాన్ని మోటారు సైకిలు సీటు మీద పెట్టి, తెర మీదే వేళ్లు పెట్టించి, తర్వాత భుజం మీది తువ్వాలుతో తుడుచుకునేవాడు. మొత్తానికి వేలు మాత్రం మానలేదు.

అటువంటి మావయ్య ఒకసారి విశాఖపట్నం వెళ్లి టాబ్లెట్ కొనుక్కొచ్చాడు. ఆ రోజుల్లో మా ఊళ్లో అది పిల్లలు బొమ్మలు చూసుకునే వస్తువు. అత్తయ్య ఎగతాళి చేసినా ఆయన పట్టించుకోలేదు. పెద్ద పటం అందులో ఇట్టే తెరుచుకోవడం, రెండు వేళ్లతో గుంజితే గట్టు దగ్గరికొచ్చేయడం చూసి మురిసిపోయాడు. నేను ల్యాప్‌టాప్‌లో గీసిన పటాన్ని అందులోకి ఎక్కించుకుని, ల్యాప్‌టాప్‌ను ఆఫీసులోనే వదిలేసి, మొదటిసారిగా దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని బయల్దేరింది ఇద్దరు అన్నదమ్ముల గట్టు తగవు తీర్చడానికి.

వాళ్లది నాతవరం దాటాక తాండవ కాలవ చివరి పల్లె. తండ్రి పోయాక పొలాన్ని నిలువునా చెరిసగం చేసుకున్నారు. తూర్పు సగం అన్నది, పడమటి సగం తమ్ముడిది. కాలవ నీళ్లు అంతదూరం ఎప్పుడు వస్తాయో తెలియక తమ్ముడు ఉత్తరపు కొసన బోరు వేయించుకున్నాడు. నీళ్లు పడ్డాక అన్న, ఆ బోరు తన సగంలో ఉందన్నాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మేము వెళ్లేసరికి తమ్ముడి వరి పొట్ట మీద ఉంది. బోరు అవతలికి పోతే ఆ చేను గింజ పట్టదన్న సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. అందుకే తమ్ముడి భార్య వచ్చి, బోరు పైపుని ఆనుకుని కూర్చుంది.

జీడిచెట్టు నీడలో మావయ్య టాబ్లెట్ తీశాడు. ముందు రోజే నేను పొలమంతా కొలిచి, ఆఫీసులో కూర్చుని పటం గీశాను కాబట్టి, ఏ గీత ఎక్కడుందో నాకు కంఠతా వచ్చు. మధ్యగీతకి పడమట, గీతని దాదాపు రాసుకుంటూ, బోరు తాలూకు చిన్న సున్నా. తమ్ముడిదే. ఆ మాట రాళ్లు పాతేదాకా నోరు జారకూడదని మావయ్య దారిలోనే చెప్పాడు.

అన్నని ముందు పిలిచి వేలు పెట్టమన్నాడు. ఆయన తువ్వాలుతో వేలు తుడుచుకుని, తెర మీద గట్టిగా ఆనించి, "ఇదిగో ఈ కొస కాడినుంచీ, ఇలగ, ఈ బోరు దాటీదాకా నాదే" అంటూ అదిమిపెట్టి పడమటికి లాగాడు. మావయ్య ఎప్పటిలాగే తలూపి, తెరని తువ్వాలుతో తుడిచేశాడు. తమ్ముడి వంతు వచ్చినప్పుడు కొమ్మల సందుల్లోంచి తెర మీద పడిన ఎండలో ఎవరికీ ఏమీ సరిగ్గా కనిపించలేదు. వేలైతే పెట్టాడు.

దక్షిణపు రాయి నిమిషాల్లో అయిపోయింది, దాని మీద తగువు లేదు. ఉత్తరపు కొసకి మావయ్య టాబ్లెట్‌లో ఆ బిందువు మీద నొక్కి, వచ్చిన అంకెలు మూడుకాళ్ల కొలత పరికరంలోకి ఎక్కించి, నన్ను దాని గురికి అద్దం బిగించిన కర్ర పట్టుకుని నిలబడమన్నాడు. ఆయన చెయ్యి ఊపిన వైపు నేను జరగాలి. పడమటికి ఊపాడు. జరిగాను. ఇంకా ఊపాడు. బోరు నా కుడిచేతికి రావలసింది పోయి ఎదురుగా వచ్చింది. ఇంకా ఊపాడు. బోరు దాటేశాను. అప్పుడు చెయ్యి దించి, అక్కడే అన్నట్టు చూపించాడు.

నా కాళ్ల దగ్గర ఊరివాళ్లెవరో మేకు కొట్టేస్తున్నారు. తమ్ముడి భార్య కర్ర వైపు చూసి, బోరు వైపు చూసి, పైపుని రెండు చేతులా చుట్టేసుకుంది. తమ్ముడు రాయి పాతడానికి తెచ్చిన గునపాన్ని నేలలోంచి పీకి చేతిలో పట్టుకున్నాడు. "ఎన్నాళ్లనుంచి సెప్తన్నాను?" అంటున్నాడు అన్న, ఊరి వాళ్ల వైపు తిరిగి. "ఆడు ఇన్నాడా? నా నేల్లో బోరేసి నాకే నీళ్లమ్మబోయేడు!"

నేను కర్ర అక్కడే పాతి, నడక పరుగు కాకుండా చూసుకుంటూ మావయ్య దగ్గరికెళ్లి, పటంలో ఇలా లేదని చెవిలో చెప్పాను. ఆయన చెట్టు నీడలోకి జరిగి టాబ్లెట్ తెరిచాడు. నిటారుగా ఉండవలసిన మధ్యగీత ఉత్తరాన పడమటికి వాలి ఉంది. అన్న వేలు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే ఆగి ఉంది. మావయ్య, అందరూ మూగుతున్నారని చూసుకోకుండా, చేసిన మార్పుని వెనక్కి తిప్పే బాణం గుర్తు మీద నొక్కాడు. ఆ గీత అందరి కళ్ల ముందే టక్కున లేచి తూర్పుకి వచ్చి నిలబడింది. బోరు తమ్ముడి సగంలోకి వచ్చేసింది.

"ఓలమ్మో! గీత నడుస్తందర్రా!" అన్నాడు వెనకనుంచి ఎవరో. ఎవరూ నవ్వలేదు.

"ఏటండీ బాబూ ఇది?" అన్నాడు అన్న, గొంతు తగ్గించి. ఆ తగ్గించడానికే నాకు భయం వేసింది. "ఇప్పుడే గదా నాదన్నారు? రాత్రి గానీ మా తమ్ముడు మీ ఇంటికొచ్చేడేటి?"

"మీ వేలే దాన్ని జరిపిందండీ. ఇది ముట్టుకుంటే కదులుతుంది. నాకు తెలీలేదు" అన్నాడు మావయ్య.

"నా ఏలికి అంత బలవే ఉంటే, నానీ బురదలో పడి దున్నుకోడవెందుకండీ? కూకున్నకాడే ఊరంతా నాకేసి లాక్కుందును గదా!"

దానికి మాత్రం నవ్వారు. అది మావయ్యని చూసి నవ్విన నవ్వు. అప్పుడు తమ్ముడు మొదటిసారి నోరు తెరిచాడు. తన వైపు వచ్చిన గీతని చూసి సంతోషిస్తాడనుకున్నాను. "నాకూ అక్కర్లేదండీ ఈ గీత" అన్నాడు. "ఇప్పుడిటొచ్చింది. మీరెళ్లేక మళ్లీ అటెళ్లదని ఏటి నమ్మకం?" గునపం ఇంకా చేతిలోనే ఉంది. అన్న కూడా పార అందుకున్నాడు. ఇద్దరి మధ్యా నేలలో సగం దిగిన మేకు, అంతే.

ఆఫీసులో ల్యాప్‌టాప్ ఉంది, అందులో అసలు పటం ఉంది. నేను వెళ్లి తెస్తానన్నాను. తెచ్చినా అదీ తెరే కదా అన్నట్టు మావయ్య నా వైపు చూశాడు. తర్వాత టాబ్లెట్‌ని సంచిలో పెట్టేసి, పరికరాన్ని మూసేసి, మోటారు సైకిలు పెట్టెలోంచి పాత టేపు చుట్ట తీశాడు. ఉత్తరపు గట్టుకి రెండు మూలలా తండ్రి కాలంనాటి రాళ్లున్నాయి. వాటి మీద ఎవరికీ తగువు లేదు. ఆ వెడల్పుకి మా టేపు సరిపోతుంది. మామూలుగా ఒక కొస నేను, ఒక కొస ఆయన పట్టుకుంటాం. ఆ రోజు ఆయన ఒక కొస అన్న చేతికి, ఇంకో కొస తమ్ముడి చేతికి ఇచ్చాడు.

"పార అక్కడెట్టి పట్టుకోండి" అన్నాడు అన్నతో. "మేం ముట్టుకోం. మీరే కొలవండి."

రెండు చేతులూ కావాలి టేపుకి. అందుకు వాళ్లు పారా గునపమూ కింద పెట్టక తప్పలేదు. అన్న తూర్పు రాయి దగ్గర, తమ్ముడు పడమటి రాయి దగ్గర గొంతుక్కూర్చున్నారు. టేపు మధ్యలో గడ్డి మీద వేలాడుతోంది. వేలాడే టేపు తప్పు చెబుతుందని నాకు తెలుసు, చెప్పబోయాను. మావయ్య నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

అన్న, నేల వైపు చూస్తూ, "గట్టిగా లాగు" అన్నాడు.

తమ్ముడు లాగాడు. "నువ్వొగ్గేకు" అన్నాడు.

"నానొగ్గనొరే. బేగి సూడు ఎంతొచ్చిందో."

వచ్చిన అంకెని తమ్ముడు పైకి చదివాడు. అన్న నమ్మకుండా లేచొచ్చి తనూ చదివాడు. ఊరివాళ్లలో ఒకాయన అందులో సగం ఎంతో లెక్కకట్టి చెప్పాడు. ఆ సగం దగ్గర అన్నే మేకు పెట్టాడు. దక్షిణపు రాయి నుంచి అక్కడికి దారం లాగారు. దారం బోరు పైపుకి జానెడు దూరంలో తూర్పు పక్కగా వెళ్లింది. అన్న ఆ దారాన్ని చాలాసేపు చూశాడు. మేకు పెట్టింది ఆయనే, కొలిచిందీ ఆయనే. పార భుజాన వేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు. తమ్ముడి భార్య అప్పుడు గానీ పైపు వదల్లేదు.

వాళ్లిద్దరూ కలిసిపోయారని రాస్తే బాగుంటుంది గానీ, అటువంటిదేమీ నా చెవిన పడలేదు. రాయి కదల్లేదని, ఆ పంట ఇంటికొచ్చిందని మాత్రం విన్నాను. మావయ్య టాబ్లెట్ మానలేదు. అందులో గీతలకి తాళం వేసే పద్ధతి వెతికి పట్టుకుని, వేలు పెట్టించడానికి మాత్రం మళ్లీ కాగితం పటం వెంట తీసుకెళ్లాడు.

ఆఫీసుకి ఒక టాబ్లెట్ కొనమనే ఆ అమ్మాయికి చెప్పాను. ఇప్పటివాటిలో ముట్టుకున్నా గీత కదలకుండా ముందే కట్టడి చేసుకోవచ్చు, మా పనికి చాలినంత బలం ఉంది. ల్యాప్‌టాప్ ఇక బల్ల దాటదు, పాత కేబులు పనులకి చాలు. లెక్క ప్రకారం సరైన నిర్ణయమే. అయినా ఒకటి అనిపిస్తుంది. ఇప్పుడు మేము పొలానికి వెళ్లేసరికే పటం అందరి ఫోన్లలోకీ వచ్చేసి ఉంటుంది. ఎవరి గట్టు మీద వాళ్లు నిలబడి, ఎవరి చెక్కని వాళ్లు పెద్దది చేసుకుని చూసుకుంటారు. వేలు పెట్టమని అడిగేవాళ్లూ లేరు, పెట్టడానికి ఒకరి భుజం పక్కన ఒకరు వంగేవాళ్లూ లేరు. పగ ఉన్నా సరే, అప్పట్లో ఆ కాస్త దగ్గరికి రావలసి వచ్చేది.

నిన్న రోలుగుంట వెళ్తుంటే ఆ అమ్మాయి కొత్త టాబ్లెట్ సంచిలో పెట్టుకుంది. నేను అందులోనే మావయ్య టేపు చుట్ట కూడా పెట్టాను. కొలవడానికి లేజరుండగా ఇది దేనికండీ అంది. దీనికి రెండు కొసలా ఇద్దరు మనుషులు కావాలమ్మా అన్నాను.